ఇద్దరికే వైఫై

పదింటికి ఇంటర్వ్యూ, అదీ ఆన్‌లైన్‌లో. ఉద్యోగం పోయి మూడు నెలలుగా ఇంట్లో కూర్చున్న మురళీకృష్ణకి ఇది తప్పితే ఇంకో ఆశ లేదు. పొద్దున్నే స్నానం చేసి, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ వేసుకుని వైఫై పని పట్టడానికి కూర్చున్నాడు.

ఆ వైఫై పేరుకే ఆయనది. పాలకొల్లులో వాళ్ళ వీధి వీధంతా దాని మీదే బతుకుతోంది. అడిగినవాళ్ళకి లేదనడానికి మొహమాటపడి పాస్‌వర్డ్ చెప్పిందీ ఆయనే, వాళ్ళ ఫోన్లలో కొట్టిపెట్టిందీ ఆయనే. ఇప్పుడు ఇంతమంది వాడేస్తుంటే ఇంటర్వ్యూ మధ్యలో తన బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోతుందేమోనని బెంగ.

"పాస్‌వర్డ్ మార్చేయొచ్చు కదండీ," అంది భార్య హారతి.

"మారిస్తే కొత్తది అడుగుతారు. అడిగాక ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?"

అందుకని ఎవరికీ తెలియని దారి పట్టాడు. ఒకేసారి రెండు పరికరాలకి మించి కలవకుండా రౌటర్‌లో హద్దు పెట్టాడు. తన లాప్‌టాప్, హారతి ఫోను. మిగతావాళ్ళు నెట్ పోయిందనుకుంటారు. తన తెలివికి తనే మురిసిపోతూ రౌటర్ ఆపి, మళ్ళీ వేశాడు.

యజమాని ఎవరో రౌటర్‌కేం తెలుసు? ముందొచ్చినవాళ్ళని కూర్చోబెట్టింది. మురళీకృష్ణ ముసలి లాప్‌టాప్ తడుముకునేలోగా కింది వాటాలో శ్యామలాంబగారి టీవీ, ఎదురింటివాళ్ళ సీసీ కెమెరా చేరిపోయాయి. ఎదురింటివాళ్ళు పిఠాపురం దర్శనానికి వెళ్ళారు. హద్దు తీసేద్దామంటే ముందు తను లోపలికి వెళ్ళాలి, లోపల చోటు లేదు. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే వరస.

"పిన్నిగార్ని టీవీ ఆపమని చెప్పనా?" అంది హారతి.

"ఎందుకని అడిగితే ఏం చెప్తావు?"

వైఫై ఉంది కదా అని ఇద్దరి ఫోన్లలోనూ డేటా వేయించడం ఎప్పుడో మానేశారు. ఈలోగా వీధివాళ్ళు ఒక్కొక్కరే పరామర్శకి వచ్చారు. "నెట్ పోయిందంటండీ, పాపం ఇవాళే ఇంటర్వ్యూ," అంటూ హాల్లో సర్దుకుని కూర్చున్నారు. హారతి కాఫీలు పెట్టక తప్పలేదు.

పక్కింటి కొబ్బరికాయల వ్యాపారి అబ్బులు ఫోను పట్టుకుని వచ్చాడు. "కంగారు పడకండి మురళిగారూ. మీ నెట్ లేదని వీళ్ళందరికీ నా హాట్‌స్పాట్ ఇచ్చానండి. అందరం తప్పుకుంటాం, మీరొక్కరే వాడుకోండి," అన్నాడు.

ఆ మాటతో అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. మురళీకృష్ణకి తల కొట్టేసినట్టయింది. అబ్బులు సిగ్నల్ బాగా అందే కిటికీ దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

తెర మీద రాజమహేంద్రవరం కాలేజీ ప్రిన్సిపాల్ కనిపించాడు. ఉద్యోగం నెట్‌వర్క్ చూసుకునేది.

"మా హాస్టల్లో ఒకరి నెట్ పదిమంది వాడేస్తున్నారండి. వాళ్ళకి తెలియకుండా ఎలా ఆపుతారు? ఎప్పుడైనా చేశారా?"

మురళీకృష్ణ ఒకసారి హాలంతా చూశాడు. అందరూ తననే ప్రేమగా చూస్తున్నారు. గొంతు సవరించుకుని ఇంగ్లీషు అందుకున్నాడు.

"పర్వాలేదండి, తెలుగులోనే వివరంగా చెప్పండి," అన్నాడు ప్రిన్సిపాల్.

మూడు నెలల ఖాళీ గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, పొద్దున్న చేసిందంతా మొదటినుంచీ చెప్పేశాడు.

"ఇలాంటి మనిషే మాకు కావాలి. సోమవారం చేరిపోండి," అన్నాడు ప్రిన్సిపాల్.

హాల్లో వాళ్ళు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచారు.

"చాలా బాగా చెప్పారండి," అన్నాడు అబ్బులు హాట్‌స్పాట్ ఆపేస్తూ, "మాక్కూడా అర్థమైంది."