అత్తగారి కోసం దించిన కారు

“పొగ! అల్లుడుగారూ, నా కిందనుంచి పొగ!” వెనక సీట్లోంచి విశాలాక్షమ్మ కేక పెట్టింది.

వామనరావు బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. గోదావరిఖని బజారు నడిమధ్య అంబాసిడర్ కీచుమని ఆగింది. కాలిన రబ్బరు కంపు గుప్పుమంది. గుంట వచ్చినప్పుడల్లా మడ్‌గార్డును ఒరుసుకుంటూ వచ్చిన వెనక టైరు ఇక దాన్ని వదలనంటోంది.

టైము ఏడున్నర. తొమ్మిదిలోగా అత్తగారు ఊరి పొలిమేర దాటాలి. దాటకపోతే వర్జ్యం, ఆపైన ఇవాళ మంచి ఘడియ లేదు, రేపటినుంచి మూఢం. ఇంకో రెండు నెలలు ఆవిడ తన ఊరు మంథని వెళ్లరు. గని ఆఫీసులో గుమాస్తా అయిన వామనరావు నాలుగు నెలలుగా పడగ్గది ఆవిడకిచ్చి వరండాలో నవారు మంచం మీద పడుకుంటున్నాడు. తెల్లవారుజామున షిఫ్టు సైరన్ కూసినప్పుడల్లా ఉలిక్కిపడి కింద పడుతున్నాడు.

“ఇదంతా నీ సలహా!” అంటూ పక్కసీట్లోని రాయమల్లు మీద విరుచుకుపడ్డాడు.

రాయమల్లు గనిలో ఫిట్టరు. వారం కిందట ఆఫీసు గేటు దగ్గర కలిసి, “సార్, పెద్దమ్మ కారెక్కలేక తిప్పలు పడుతాంది. ఎనుక స్ప్రింగులల్ల అటు రెండు, ఇటు రెండు కమాను పట్టీలు గుంజేస్తే కారు బెత్తెడు కిందికొస్తది” అన్నది అతనే. ఆదివారం వచ్చి పట్టీలు తీసిందీ అతనే.

“ఆ పట్టీలు మళ్లీ బిగించెయ్!”

“ఏడున్నయ్ సార్? చెప్పుదామంటే ధైర్నం చాల్లేదు. మా షెడ్డుల పెడితే దొంగ ఎత్తుకపొయిండు.”

“పట్టీలు ఎత్తుకపోయే దొంగ ఉంటడా?”

“ఇనుమైతే సాలు సార్, రైలు పట్టాలు సుత ఒదులరు.”

వామనరావు నోరు తెరిచేలోపు రాత్రి షిఫ్టు దిగి చాయ్ తాగుతున్న కార్మికులు పొగను చూశారు. గనిలో పొగ కనబడితే ఏం చేయాలో వాళ్లకు నిద్రలో కూడా తెలుసు. ఇసుక నింపాలి. హోటలు గోడ కోసం తెచ్చిన గోదావరి ఇసుక పక్కనే కుప్పగా ఉంది.

“జల్ది! గాలి ఆడకుండ నింపుండ్రి!”

విశాలాక్షమ్మ దూకినంత వేగంగా కారు దిగింది. నిమిషంలో డిక్కీలో ఇరవై తట్టల ఇసుక పడింది. పొగ ఆగింది. ఆ బరువుకు కారు వెనకభాగం కూలబడి టైరు పూర్తిగా మడ్‌గార్డులోకి దూరిపోయింది.

“ఆరింది సార్, ఫికర్ లేదు!” అన్నాడొక కార్మికుడు.

“మంటెక్కడిదయ్యా? టైరు ఒరుసుకుంది!”

“గది ముందుగాల చెప్పాలె గద!”

నింపడానికి నిమిషం పట్టిన ఇసుక తోడడానికి ముప్పావుగంట పట్టింది. ఆలోగా ఊరుకోకుండా రాయమల్లు సుత్తె తీసుకుని, మడ్‌గార్డు అంచు వంచుతానని నాలుగు దెబ్బలు వేశాడు. అంచు వంగలేదు కానీ మడ్‌గార్డు ఊడి రోడ్డు మీద పడింది. లోపలి రేకు మాత్రం టైరును పట్టుకునే ఉంది.

అప్పుడు ముందుకొచ్చాడు కొమురెల్లి. గనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం అతని పని. కారు రేకుకు చెవి ఆనించి, గొడ్డలి కామతో రెండుసార్లు తట్టి విన్నాడు.

“కప్పు దిగుతాంది. దిమ్మె పెట్టాలె.”

పదిమంది కారు వెనకభాగం ఎత్తి పట్టుకున్నారు. కొమురెల్లి నాలుగు దెబ్బల్లో రెండు చెక్కముక్కలు నరికి, ఇరుసుకూ కారుకూ మధ్య బిగించాడు. టైరు స్వేచ్ఛగా తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎనిమిదీ నలభై. వామనరావు ఆనందంతో తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కండి అత్తయ్యా!”

ఆవిడ ఎక్కలేదు. గొడ్డలినే చూస్తోంది.

“ఏమయ్యా, ఎంత పదునున్నది! ఏం ఇనుమిది?”

“బోల్టులు చూస్త” అంటూ రాయమల్లు కారు కిందికి దూరాడు.

“కమాను పట్టీది పెద్దమ్మా. మొద్దు వారదు” అన్నాడు కొమురెల్లి గర్వంగా.

“దొంగ దొరికిండు!” వామనరావు అతని కాలరు పట్టుకున్నాడు. “నడువు ఠాణాకు!”

“నేను ఎత్తుకరాలే సార్! నాకు ఇచ్చిండ్రు!”

“ఎవరిచ్చిండ్రు?”

కొమురెల్లి నేల చూశాడు. ఈ మధ్యే కొత్త కొడవళ్లూ కత్తులూ సంపాదించిన జనం ఆకాశం చూశారు.

విశాలాక్షమ్మ నడుముకు కొంగు బిగించింది. “నాకోసమని తీసిన పట్టీలు! అల్లుడి కారు నావల్ల పాడైందంటే మంథనిల తల ఎట్ల ఎత్తుకోవాలె? దొంగ పేరు నా చెవిన పడాలె. అప్పటిదాకా కదల. రెండు నెలలైతే రెండు నెలలు!”

వామనరావుకు నవారు మంచం కళ్లముందు కదిలింది.

అంతలో గుంపును తోసుకుంటూ టిఫిన్ గిన్నెతో ఒకామె వచ్చింది. ఆమెను వామనరావు ఎన్నడూ చూడలేదు.

“ఓ సారూ, మా తమ్ముణ్ని ఇడువు! ఆ గొడ్డలి చేయించి ఇచ్చింది మా ఇంటాయన. ఆయనకే సద్ది తెచ్చిన!”

“పోశక్కా, ఊకో!” అన్నాడు కొమురెల్లి.

“మీ ఇంటాయన పేరేంది?” అడిగాడు వామనరావు.

పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో! మొగని పేరు ఎట్ల చెప్పుదు?”

“నేనూ మా వారి పేరు ఎన్నడూ చెప్పలేదు తల్లీ” అంది విశాలాక్షమ్మ. “కానీ మా వారు పట్టీలు ఎత్తుకపోలేదు.”

“మా రాజం నాయిన.”

“రాజం ఎవరు?”

“మా పెద్దోడు.”

“వాడి నాయన పేరు?”

“మా మామ కొడుకు.”

ఎనిమిదీ యాభై అయిదు. వామనరావు కాలరు వదిలి రెండు చేతులూ జోడించాడు. “అమ్మా, దండం పెడత. ఒక్క పేరు! లేకపోతే నీ తమ్ముడు ఠాణాకు, నేను వరండాకు!”

పోశవ్వ తమ్ముడి వైపు చూసింది. కళ్లు గట్టిగా మూసుకుంది. చెంపలు వేసుకుంది. ఇరవై ఏళ్ల కాపురంలో మొదటిసారి గొంతెత్తింది.

“రాయమల్లు!”

“ఆఁ, ఏందే?” అని కారు కిందనుంచి వినబడింది.