హద్దు మీద తెల్లగీత

ఆ పొద్దున కొత్త కోడలి పథకం చాలా చిన్నది. పొలానికి జిప్సం చల్లాలి, చల్లాక మొగుడి పక్కన గట్టు మీద కూర్చుని కాఫీ తాగాలి.

మామగారికి కోళ్ళ ఫారం. ఎరువంతా దున్నిన పొలానికే తోలిస్తారు. పొలం వాలుకి చివర గట్టు, గట్టు అవతల కాస్త గడ్డినేల, ఆ కింద మామగారి అక్క చేపల చెరువు. గట్టి వాన పడితే చాలు, ఎరువు నీళ్ళు చెరువులోకి దిగేవి. నాలుగు రోజులకి చెరువు పచ్చబడేది, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలేవి. అందరూ చేపలత్త అని పిలిచే ఆవిడ మొన్న గుమ్మంలోనే నిలబడి తేల్చేసింది.

"ఇంకొక్కసారి నా చెరువు పచ్చబడిందా, నువ్వు తమ్ముడివి కావు, నేను అక్కనీ కాను!"

"వానని నేను పిలిచానా అక్కా?"

మట్టి గురించి చదువుకున్న కోడలు నోరు విప్పింది. "జిప్సం చల్లితే చెరువుని పచ్చబరిచే భాస్వరం ఎరువుతో పాటు మట్టిలోనే ఉండిపోతుంది మామయ్యగారూ. చెరువులోకి దిగదు."

"గోడలకి పూసేది పొలానికా అమ్మాయ్!" అని మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఆమెకి పంటికింద రాయిలా ఉండిపోయింది.

అందుకే ఎవరికీ చెప్పకుండా బస్తాలు తెప్పించింది. మొగుడూ తనూ గట్టు పొడవునా పొడిని తిన్నగా పోశారు, తర్వాత పారలతో ఎగజల్లుదామని. చల్లకముందే కాఫీకని ఇద్దరూ ఇంట్లోకి వెళ్ళారు. కొత్త దంపతుల కాఫీ కదా, చల్లారింది, వేడయింది, మళ్ళీ చల్లారింది.

ఈలోగా చెరువు దగ్గరికొచ్చిన చేపలత్తకి గట్టు మీద తెల్లగీత కనబడింది, సర్వేయరు సున్నంతో గీసినట్టు.

"ఉన్న నేలే నా చేపలకి చాలదంటే, వీడు నా వైపుకి జరిపి హద్దు గీస్తాడా!" పనివాళ్ళని పిలిచి, పారలు పట్టించి, ఆ పొడిని తమ్ముడి పొలంలోకి విసిరించింది.

కేకలు విని మామగారు పరుగెత్తుకొచ్చారు. "హద్దు జరుపుతావా అక్కా? తోడబుట్టినదానివేనా!"

"జరిపింది నువ్వు! దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది!"

"సున్నం గియ్యడానికి నాకు తీరికుందా?"

"తిట్టడానికి ఉందిగా!"

ఫారం పనివాళ్ళూ దిగారు. పారెడు పైకి, పారెడు కిందికి. కోడలు వచ్చేసరికి గాలంతా తెల్లగా ఉంది.

"నా జిప్సం! ఎవరినడిగి ముట్టుకున్నారండీ వీళ్ళు!" అని ఆమె కొంగు బిగించింది. ఆ గోలలో మొగుడికి తప్ప ఎవరికీ వినబడలేదు.

మొగుడు చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. ఒకసారి పొలం చూడు."

చూసింది. పొలమంతా పల్చగా, సమంగా పడింది. గడ్డినేల మీద కూడా. ఇద్దరూ పొద్దుగూకేదాకా చల్లినా అంత బాగా వచ్చేది కాదు. ఒక్క తూర్పు మూల మాత్రం నల్లగా మిగిలింది. కోపం ఇంకా ముక్కు మీదే ఉన్న కోడలు ఆ మూలకేసి వేలు చూపించి గట్టిగా అరిచింది.

"మామయ్యగారూ! అక్కడ కూడా హద్దు జరిపినట్టున్నారు!"

యుద్ధం తూర్పు మూలకి మారింది. అదీ తెల్లబడ్డాక వాన వచ్చి అందర్నీ ఇళ్ళకి తరిమింది.

చెరువు పచ్చబడగానే తెగతెంపులు ప్రకటించాలని చేపలత్త మాటలు కూర్చుకుని కాచుకుంది. నాలుగు రోజులు గడిచాయి, వారం దాటింది. చెరువు పచ్చబడలేదు, ఒక్క చేపా పైకి తేలలేదు. ఆవిడ కోపంగా వచ్చి మళ్ళీ అదే గుమ్మంలో నిలబడింది.

"నా చెరువుకి ఏం చేశార్రా?"

కోడలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. మామగారు అక్క వైపు చూశారు, అక్క తమ్ముడి వైపు చూసింది.

"ముందే చెప్పి ఏడవచ్చు కదమ్మాయ్!"

"చెప్పాను మామయ్యగారూ. మీరు నవ్వారు."

ఇప్పుడు పొలానికి ఎరువు తోలించిన ప్రతిసారీ మామగారు గట్టు మీద జిప్సం పోయించి, అక్కకి ఫోన్ చేసి, "రేపు పొద్దున తీరికేనా అక్కా, కాస్త తిట్టుకోవాలి" అని మర్యాదగా అడుగుతారు.