కాటుకమ్మ ఫిర్యాదు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే, కొలువున్న వాళ్ళకే మడుగులో ముందు నీళ్ళు. మిగతా వాళ్ళకు అడుగున మిగిలిన బురద.

కాటుకమ్మ అనే గేదెకు చంటిదూడ ఉంది. బురద తాగి తాగి పాలు తగ్గిపోతున్నాయి. కొలువు అడగడానికి కార్యదర్శి నక్క జంబయ్య దగ్గరికి వెళ్ళింది.

"దుంగలు లాగడానికి మగవాళ్ళు కావాలమ్మా. దున్నపోతుల్ని పెట్టుకున్నాం. గుమ్మంలో అతిథులకు ఎదురెళ్ళడానికి తెల్లగా ఉండాలి. ఆవుల్ని పెట్టుకున్నాం. నీకెక్కడా కుదరదు," అన్నాడు జంబయ్య.

ఆమె న్యాయాధికారి ఏనుగు దంతయ్యకు ఫిర్యాదు చేసింది.

"నలుపంటే నీకు చిన్నచూపా?" అని దంతయ్య నక్కను అడిగాడు.

"దున్నపోతుల కంటే నల్లవాళ్ళెవరండీ? కొలువులోనే ఉన్నారు."

"మరి ఆడవాళ్ళంటే?"

"గుమ్మం నిండా ఆవులే కదండీ."

"అయ్యా, ఉత్త నలుపుకి కాదు, ఉత్త ఆడతనానికీ కాదు. నల్ల ఆడదాన్నని నన్ను తోసేశారు," అంది కాటుకమ్మ.

కొలువులోని ఒక ఆవు ఆమెను పక్కకు పిలిచింది. "మా గుంపులో నిలబడు వదినా. రంగు మాట మాత్రం ఎత్తకు."

ఒక దున్నపోతు ఇంకో పక్కకు పిలిచాడు. "మావైపు రా చెల్లీ. ఆడాళ్ళ గొడవ మాత్రం తేకు."

ఇద్దరూ మంచివాళ్ళే. సగం మంచితనంతో చేటే గాని మేలు లేదు.

జంబయ్య చెవిలో ఊదితే దంతయ్య తీర్పు చెప్పాడు: "రంగు వేరు, ఆడతనం వేరు. దేని దారి దానిదే. రెండు కలిసి మూడోది కావడమనేది ఈ అడవిలో లేదు." అదే చట్టమైంది. కాటుకమ్మ బురద దగ్గరికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు జంబయ్యకు రేచుకుక్క కూతురితో పెళ్ళి కుదిరింది. ఎండా వానా కలిసి వస్తేనే కుక్కకూ నక్కకూ పెళ్ళి. అది తాతల నాటి ఆచారం. ఒక సాయంత్రం ఎండ కాస్తుండగానే చినుకులు పడ్డాయి. జంబయ్య బాసికం కట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

పెళ్ళిపెద్దగా వచ్చిన దంతయ్య ముందు కాటుకమ్మ నిలబడింది. "అయ్యా, ఎండ ఉంది. వాన ఉంది. ఎండావాన అనేది మాత్రం మన అడవిలో లేదు కదా?"

దంతయ్యకు తన తీర్పు గుర్తొచ్చింది. "లేదు. ఈ పెళ్ళి చెల్లదు."

"అదేంటండీ, చినుకు నెత్తిన పడుతోంది, ఎండ కళ్ళలో కొడుతోంది," అన్నాడు జంబయ్య.

"చినుకు సంగతి కప్పలకు చెప్పుకో నాయనా. ఎండ సంగతి తొండలకు చెప్పుకో," అంది కాటుకమ్మ.

మబ్బు జరిగిపోతోంది. పిల్ల తండ్రి చాపలు చుట్టేస్తున్నాడు. జంబయ్య దంతయ్య కాళ్ళ మీద పడ్డాడు.

"రెండు కలిస్తే మూడోది పుడుతుందండీ. ఒప్పుకున్నాను. చట్టం మార్చండి, తొందరగా."

"మార్చాను," అన్నాడు దంతయ్య. "నీ ఒక్కడికే కాదు, అందరికీ."

మూడు ముళ్ళూ పడకముందే కాటుకమ్మ కొలువులో చేరింది. మర్నాడు దూడతో కలిసి తేటనీళ్ళు తాగింది. గుమ్మంలో నల్ల గేదెను చూసి అతిథులెవరూ జడుసుకోలేదు.

నీతి: మీకు న్యాయం త్వరగా జరగాలంటే, మీకు జరిగిన అన్యాయం పెద్దవాళ్ళ పెళ్ళికి అడ్డం రావాలి.