మూడో పిలుపు

ఆ రోజు ఉమేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే హిందూపురంలో రైలెక్కాలి, ధర్మవరంలో దిగాలి, చంద్రశేఖర్ గారి పట్టుచీరల అంగడిలో వెంకటక్క నోరు మూయించాలి.

ఇందులో తగవేమీ లేదు. కొనేవాళ్ళు కూర్చునేది పై అంతస్తులో, చీరలుండేది కింద గదిలో. ఇరవై ఏళ్ళుగా వెంకటక్క మెట్ల దగ్గర నిలబడి చీర పేరు అరుస్తుంది, కింద ఓబన్న తీసుకొస్తాడు. ఆ అరుపుకు వచ్చినవాళ్ళు ఉలిక్కిపడుతున్నారని చంద్రశేఖర్ బాధ. అందుకే ఉమేష్ చేత కంప్యూటర్లో ఒక యాప్ చేయించాడు. బెంగళూరు ఉద్యోగం మానేసి వచ్చాక ఉమేష్‌కు దొరికిన మొదటి పని ఇదే. ఇది కుదిరితే చంద్రశేఖర్‌కు హిందూపురంలో ఉన్న అంగడి పనీ అతనికే. కుదరకపోతే సోమవారం మళ్ళీ బెంగళూరు బస్సేనని భార్య నాగజ్యోతి ముందే చెప్పేసింది.

యాప్‌లో పైకి కనిపించే విండో ఒకటి, వెనక కనిపించకుండా పనిచేసే భాగం ఒకటి. రెండూ ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్ళలాగా సందేశాలే పంపుకుంటాయి. విండోలో చీర నంబరు నొక్కితే సందేశం వెనక భాగానికి పోతుంది, అది విని కింద గదిలోని ప్రింటరు చేత చీటీ కొట్టిస్తుంది. రైలు పెనుకొండ దాటేలోపు ఉమేష్ విండోను ఒకసారి తెరిచి, ఒకసారి నొక్కి చూశాడు. ఒక్క చీటీ కొట్టినట్టు చూపించింది. మురిసిపోయి వేరుశనక్కాయలు కొనుక్కున్నాడు.

పదకొండింటికి గుడిబండ నుంచి కుళ్ళాయమ్మ వచ్చింది, కూతురు ధనలక్ష్మికి పెళ్ళిచీర కోసం.

"నెమలికంఠం రంగు, ఎర్ర అంచు. ఒక్కటంటే ఒక్కటే ఉండాది తల్లీ. ఇట్లాంటిది ధర్మవరమంతా తిరిగినా దొరకదు," అన్నాడు చంద్రశేఖర్. అని, ఉమేష్ వైపు గర్వంగా చూశాడు. ఉమేష్ నొక్కాడు.

చీర రాలేదు. రెండు నిమిషాలైనా రాలేదు.

"ఏమప్పా, పోయిందా సందేశం?" అన్నాడు చంద్రశేఖర్.

"పోయింది సార్... యాడో నిల్చిపోయినట్టుండాది." విండో మూసి, మళ్ళీ తెరిచి నొక్కాడు. రాలేదు.

"నేను పిలిచేదా?" అంది వెంకటక్క, గొంతు సవరించుకుంటూ.

"వద్దక్కా, నీకు దండం పెడతా!" బెంగళూరు బస్సు కళ్ళ ముందు కదులుతుండగా, ఉమేష్ విండోను మరోసారి మూసి తెరిచి నొక్కాడు.

నిజానికి మొదటి చీటీ ఎప్పుడో వచ్చింది. ఓబన్న దాన్ని చూసి, పక్కన పెట్టి, వక్కాకు వేసుకున్నాడు. వెంకటక్క మొదటిసారి పిలిస్తే కొనేవాళ్ళు ఊరికే అడిగారని, రెండోసారి పిలిస్తే బేరమాడుతున్నారని, మూడోసారి పిలిస్తేనే చీర కావాలని అతని లెక్క. మొదటి పిలుపుకు లేచిన పాపాన పోలేదు. ప్రింటరు మూడో విడత మోగి ఆగాక లేచాడు. చూస్తే మొత్తం ఆరు చీటీలు. "చీటీలు ఎన్నొస్తే అన్ని చీరలు, సొంత తెలివి వద్దు," అని యజమాని పొద్దునే చెప్పి ఉన్నాడు.

ఓబన్న ఆరు చీరలు పైకి తెచ్చాడు. ఆరూ నెమలికంఠమే, ఆరింటికీ ఎర్ర అంచే.

"ఏమయ్యా, ఒక్కటే అంటివే!" అంటూ కుళ్ళాయమ్మ లేచి నిలబడింది.

"ఇంగా నాలుగుండాయమ్మా, తెచ్చేదా?" అన్నాడు ఓబన్న.

చంద్రశేఖర్ ముఖం చీర అంచు రంగుకు తిరిగింది. ఆరు చీటీలు చూడగానే ఉమేష్‌కు తప్పు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పేశాడు. "తప్పు నాదేనమ్మా. విండో మూసి తెరిచినప్పుడల్లా లోపల వినేది ఇంగొకటి చేరింది. మొదట ఒకటి వినె, మల్లా రెండు, మల్లా మూడు. నేను నొక్కేది ఒక్కతూరే, విన్నవన్నీ తలా ఒక చీటీ కొట్టినాయి."

కుళ్ళాయమ్మ అతన్ని జాలిగా చూసింది. "మా ఇంట్లోనూ అంతే కదప్పా! నేను ఒక మాటంటే నలుగురు కోడండ్లు నాలుగు మాటలుగా వింటారు." అలా అని చీరల వైపు చూసి, వేళ్ళు మడిచింది. "కోడండ్లు నలుగురు, పెండ్లికూతురు, నేను... ఆరే! నీది బాగుండాది, నాది బాగలేదు అని పందిట్లో ఎవురూ మొగం మాడ్చుకునే పన్లేదు. ఆరూ కట్టించయ్యా!"

చంద్రశేఖర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఉమేష్ అరగంటలో తప్పు సరిచేసి, ఎన్నిసార్లు మూసి తెరిచినా ఒక్క చీటీయే వచ్చేలా చేశాడు. అందరి ముందూ ఒక నంబరు నొక్కాడు. కింద ప్రింటరు ఒక్కసారి మోగింది. అందరూ మెట్ల వైపు చూశారు. ఓబన్న రాలేదు.

వెంకటక్క తాపీగా మెట్ల దగ్గరికి నడిచింది.

"ఓబన్నా! చీటీ వచ్చిందా?"

మూడోసారి అరిచాక ఓబన్న చీరతో వచ్చాడు. చంద్రశేఖర్ ఉమేష్ భుజం తట్టాడు.

"హిందూపురం అంగట్లో కూడా పెట్టప్పా. ఆడ అరిచేదానికి మనిషిని నేను చూసుకుంటాలే."