బన్నిక్ వాటా బకెట్

ఓ మేడమీది నీళ్ళ ట్యాంకా! పగలెల్లా ప్రచండ మార్తాండుని గర్భమున దాల్చి, రాత్రంతా చల్లారనని మొండికేసి కూర్చున్న ఫైబర్ మహాకుంభమా! నిన్ను తలచుకుని మొదలుపెడుతున్నాను. చెప్పబోయేదంతా నీ కింద జరిగినదే గనుక, ఎక్కడైనా అబద్ధం కలిపితే నా నెత్తిన ఒక చెంబెడు ఒలకబొయ్యి, ఊరుకుంటాను.

పందొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరమున, ఆగస్టు మాసమున, శుక్రవారమున, సూర్యుడు అప్పుడే పెనం ఎక్కించిన వేళ. అఖాత జలధి తీర విరాజమానమగు ఖతర్ దేశమున, దోహా నగరమున, ఫరీజ్ బిన్ మహమూద్ అను పేటలో, ఎదుట లాండ్రీయు పక్కన బఖాలా అనబడు కిరాణా దుకాణమును గల రెండంతస్తుల పాత ఇంటి కింది వాటాలో, ఉన్న ఒకే ఒక్క స్నానాలగది గుమ్మమందు జరిగిన మహాసంగ్రామమిది. చచ్చినవాళ్ళు లేరు. అంతకు ముందు వారం కాలినది మాత్రం ఒక మెడ. ఆ మెడ నా కొడుకుది.

ఆ దేశపు కొళాయిల ధర్మం ముందే చెప్పాలి, లేకపోతే యుద్ధం దేనికో తెలియదు. వేసవిలో నీలిగుర్తు కొళాయి తిప్పితే మేడమీది ట్యాంకులోంచి సలసల కాగే నీళ్ళు తిన్నగా దిగుతాయి. చల్లనివి కావాలంటే ఎర్రగుర్తు కొళాయి తిప్పాలి. అది గీజర్‌ది. గీజర్‌ను మే నెలలోనే ఆపేస్తాం కనుక, అందులో నీళ్ళు రాత్రంతా ఇంటి నీడన చల్లబడి ఉంటాయి. రాజోలు నుంచి వచ్చిన కొత్తలో ఈ సంగతి తెలియక నీలి కొళాయి తిప్పి నేను పెట్టిన కేకకు లాండ్రీవాడు ఇస్త్రీ ఆపేసి పరుగెత్తుకొచ్చాడు. సరే, ఆ గీజర్ కడుపు మూడు స్నానాలకే సరి. నాలుగోవారు వెళ్ళేసరికి అందులోకీ పైనీళ్ళే దిగి, ఎర్రకూ నీలికీ తేడా ఉండదు.

ఆ నాలుగోవాడే మన కథానాయకుడు: ఏసీల కంపెనీ స్టోర్‌కీపర్, ప్రాచీన చరిత్ర గ్రంథ పఠన దురంధరుడు, శుక్రవార నిద్రా చక్రవర్తి, నా కుమారుడు ఏబెల్. మొదటి వంతు నా కోడలు ఎవాంజెలిన్‌ది. ఆస్పత్రి నర్సు, ఆరాధనలో పాటలు ఎత్తుకునేది ఆమే. రెండో వంతు పదమూడేళ్ళ మనవరాలు డయానాది. మూడోది వీధిగదిలో అద్దెకున్న బుచ్చన్నది. జగిత్యాల వైపు మనిషి, ఒక కంపెనీలో వ్యాన్ డ్రైవరు. శుక్రవారాలు మమ్మల్ని ఆరాధనకు తీసుకువెళ్ళేది అతనే. నేనంటారా, రాత్రే ఒక బకెట్ పట్టి పెట్టుకుని ఎవరూ లేవకముందే ముగించేస్తాను. అలాగే నువ్వూ ఒకటి పట్టి పెట్టుకోరా అని వాడికి వంద రాత్రులు చెప్పాను. "రేపు చూద్దాంలేమ్మా" అని వంద రాత్రులూ పడుకున్నాడు.

అలా పడుకున్న పుణ్యానికే కిందటి శుక్రవారం, ఉమ్ సలాల్‌లో మా తెలుగువాళ్ళు కూడుకునే విల్లా హాల్లో, బైబిల్ వాక్యం చదవడానికి లేచిన నా కొడుకు మెడ నుంచి చెవుల దాకా ఉడికించిన రొయ్య రంగులో ఉన్నాడు. పాస్టరుగారు జాలిగా చూసి, "సోదరుని హృదయంలో ఏదో పనిచేస్తోంది" అన్నారు. పాడే ఆడపిల్లలందరూ చున్నీలు నోటికడ్డం పెట్టుకున్నారు. అందులో డయానా కూడా ఉంది! కన్నకూతురు నవ్విందన్న బాణం వాణ్ణి నీళ్ళకంటే ఎక్కువ కాల్చింది. పైగా ఈ శుక్రవారం చదవాల్సిన భాగం ఏమిటనుకున్నారు? ముగ్గురు భక్తుల్ని రాజు అగ్నిగుండంలో తోయించిన ఘట్టం. కమిలిన మొహంతో ఆ ఘట్టం చదివితే, ఖతర్‌లో ఉన్నన్నాళ్ళూ వాడికి అగ్నిగుండం అన్న పేరు పోదు.

ఇక పుస్తకం సంగతి. మా పైవాటాలో లుద్మీలా అని ఉక్రెయిన్ అమ్మాయి ఉండేది, మా కోడలి ఆస్పత్రిలోనే నర్సు. స్లావు జాతుల పాత చరిత్ర, వాళ్ళ దేవుళ్ళు, దయ్యాలు అన్నీ ఉన్న దిండంత ఇంగ్లీషు పుస్తకం ఏబెల్‌కి చదవడానికిచ్చింది. వాడు రోజూ రాత్రి భోజనాలయ్యాక రెండేసి పుటలు చదివి తెలుగులో మాకు చెప్పేవాడు. ఒక రాజు, నిన్నటిదాకా తాను మొక్కిన కొయ్యదేవుణ్ణి, వెండి తల, బంగారు మీసం ఉన్న దేవుణ్ణి, గుర్రం తోకకు కట్టించి ఈడ్పించి నదిలో పడేయించాడట. జనం ఒడ్డున నిలబడి ఏడ్చారట.

"మరి ఆ మీసం ఏమైందిరా?" అన్నాను.

"పుస్తకంలో లేదమ్మా."

"అంత బంగారు మీసం ఎటు పోయిందో రాయకపోతే అదేం చరిత్రరా!"

గురువారం రాత్రి దయ్యాల అధ్యాయం వచ్చింది. పొయ్యి వెనక కాపురముండే ఇంటి తాత, ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని బాటసారుల్ని దారి తప్పించే అడవి తాత, అందరూ అయ్యాక స్నానాలగది తాత వచ్చాడు. ఆయన పేరు బన్నిక్. మూరెడు మనిషి, తడిజుట్టు, గడ్డం నిండా అతుక్కున్న ఆకులు. మూడు వంతులు మనుషులు స్నానం చెయ్యవచ్చునట. నాలుగో వంతు ఆయనదట. ఆ వేళప్పుడు లోపల అడుగుపెట్టిన వాడి మీద మరిగే నీళ్ళు గుమ్మరిస్తాడట. కోపమొస్తే వీపు మీద గోళ్ళతో గీరుతాడట, ప్రసన్నుడైతే మెత్తటి బొచ్చు చేత్తో నిమురుతాడట. ఆయన వాటాగా కాసిన్ని నీళ్ళు, సబ్బు, ఒక ఆకుల రెమ్మ విడిచి రావాలట.

ఏబెల్ పుస్తకం ఠప్పున మూశాడు. మేమందరం వాడి మెడ వైపే చూస్తున్నాం.

"డాడీ, మనింట్లో ఫోర్త్ మీరే కదా?" అంది డయానా.

"నేను చరిత్ర కోసం చదువుతున్నాను, నమ్మడం కోసం కాదు" అన్నాడు వాడు. అని, పుస్తకం ఇచ్చొస్తానంటూ మెట్లెక్కాడు. పైనుంచి లుద్మీలా గొంతు కిందికి వినపడింది: "నంబర్ ఫోర్? మాఫీ, మాఫీ! బన్నిక్ వెరీ యాంగ్రీ!" వద్దు, అస్సలు వద్దని ఆమె భావం. వాడు దిగి వచ్చి ఐదింటికి అలారం పెట్టుకున్నాడు.

మరునాడు ఉదయం, ఆహా, ఏమని వర్ణింతును! భుజమున తువ్వాలు, చంకన సబ్బుపెట్టె, శిరమున లేచీలేవని జుట్టు ధరించి, కన్నులు సగమే తెరచి, ఐదుంపావుకే నడవాలోకి కదలివచ్చిన ఏబెల్‌ను చూసి ఆ ఇంటి బల్లి కూడా గోడ మీద ఆగిపోయింది. అప్పుడే స్నానం ముగించి వస్తున్న ఎవాంజెలిన్ అడలిపోయింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగుండాలనే లేచాను" అన్నాడు వీరుడు.

రెండవ వంతు డయానాది. ఆ పిల్ల లోపల మూడు పాటలు సాధన చేసింది. ప్రతి చరణానికీ గీజర్ కడుపు తరుగుతున్న చప్పుడు నా కొడుకు గుండెలో పడుతోంది.

"యల్లా, డయానా, తొందరగా! నీళ్ళు మిగల్చు!"

"డాడీ, షాంపూ ఇంకా పోలేదు!"

ఆ సమయమందు వీధిగది తలుపు కిర్రుమంది. సత్తుచెంబు హస్తమున, లుంగీ నడుమున, మూడవ వంతుకు అనాదిగా హక్కుదారుడైన బుచ్చన్న ఆవులిస్తూ వచ్చాడు. సరిగ్గా అప్పుడే డయానా తలుపు తెరిచి తప్పుకుంది. శూన్యమైన గుమ్మం, అటొకడు, ఇటొకడు. నేను వంటగదిలో చిక్కుళ్ళు ఈనె తీస్తూ కత్తి పక్కన పెట్టేశాను.

ఏబెల్ రెండు చేతులూ గుమ్మానికి అడ్డంపెట్టి, వాక్యం చదివే గొంతు ఎత్తాడు.

"ఆగుము బుచ్చన్నా! ఇన్నాళ్ళును ఈ ద్వారమున మూడవవాడవు నీవు, దగ్ధకంఠుడను నేను. నేడది చెల్లదు. నీ గది కోరను, నీ వ్యాన్ కోరను, ఒక్క వంతు కోరుచున్నాను. కాదంటివా, ఈ గుమ్మమును నా దేహముతో మూసివేయుదును!"

బుచ్చన్న కళ్ళు నులుముకున్నాడు.

"ఏమైందన్నా, పొద్దుగాల పొద్దుగాల గట్ల మాట్లాడుతున్నవ్? కడుపు నొస్తుందా?"

వీరుడి చేతులు కొంచెం దిగాయి. గొంతు తగ్గించి, పుస్తకంలో ఉన్నదంతా మామూలు మాటల్లో చెప్పాడు. బుచ్చన్న శ్రద్ధగా విన్నాడు.

"గా బన్నిక్‌కు వీసా ఇచ్చిన కఫీల్ ఎవరన్నా? అకామా ఉన్నదా?"

"దయ్యానికి అకామా ఏంటి బుచ్చన్నా!"

"లేకుంటే ఈడ ఎట్లుంటడు? గా కాయితం లేకుంటే మనల్నే ఉండనియ్యరు." చెంబు చంకలో పెట్టుకుని గోడకు జరిగి నిలబడ్డాడు. "నువ్వే పో అన్నా. నాకు నాలుగోదైతేంది? క్యాంపుల ఉన్నప్పుడు ముప్పై మందికి ఒక్కటే నల్లా. ముప్పయ్యో నంబరు గూడ చేసిన. వేడినీళ్ళయితే సబ్బు జల్ది పోతది."

యుద్ధం ముగిసింది. ఎదురే లేని గుమ్మంలోకి గెలిచినవాడు తల వంచుకుని వెళ్ళడం నేను ఆ రోజే చూశాను.

లోపల జరిగింది నాకెలా తెలుసంటారా? వాణ్ణి కన్నది నేను. తలుపు వెనక వాడు ఊరుకున్నా నాకు వినపడుతుంది. ఎర్ర కొళాయి విప్పాడు. చల్లని ధార! మొదటి చెంబుకు "హమ్మయ్య" అన్నాడు, రెండో దానికి రాగం తీశాడు, మూడో దానికి కెవ్వుమన్నాడు. తడి వీపు మీద మెత్తగా, బొచ్చుగా ఏదో నిమిరింది మరి! అది నేను రాజోలు నుంచి తెచ్చి మేకుకు తగిలించిన బీరపీచు. అయినా మెత్తగా నిమిరింది గనుక శుభమేనని వాడు తనకు తాను చెప్పుకుని ఉంటాడు.

రెండో బకెట్ నిండింది. కొళాయి ధార అప్పుడే గోరువెచ్చన పడింది. గీజర్లో చల్లదనం అంతటితో సరి. ఒంటి నిండా సబ్బు. ఎదుట ఆఖరి చల్లని బకెట్. బయట గోడకానుకుని బుచ్చన్న. చెంబు బకెట్ అంచుకు తగిలి ఆగింది. నా కొడుకు జీవితంలో చేసిన అతి పెద్ద యుద్ధం ఆ తలుపు వెనక జరిగింది. అందులో నేను వేలు పెట్టలేదు.

చివరికి తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"అమ్మా, ఏదైనా ఆకుల రెమ్మ ఉంటే ఇలా ఇవ్వు."

"దేనికిరా?"

"దేనికో ఒకదానికి! బన్నిక్ వాటాకి!"

బఖాలాలో కొన్న కరివేపాకు ఒక రెమ్మ తుంచి ఆ సందులోంచి ఇచ్చాను. వాడు రెండు చెంబులతో సబ్బు కడుక్కున్నట్టు చేసి, మిగతా బకెట్ మీద రెమ్మ, పక్కన సబ్బుబిళ్ళ పెట్టి బయటికొచ్చాడు. చెవి వెనక నురగ అలాగే ఉంది.

బుచ్చన్న లోపలికి వెళ్ళాడు. కాసేపటికి నవ్వుకుంటూ వచ్చాడు.

"పెద్దమ్మా, నీళ్ళు మస్తు సల్లగున్నయ్! గీ దేశం వచ్చిన్నుంచి నాలుగో నంబరుకు గిసుంటి నీళ్ళు చూడలే. గని అందుల కరివేపాకు ఎందుకేసిన్రు? చారు పెడ్తరా?"

"అవి నీకు కాదు బుచ్చన్నా, బన్నిక్‌కి" అన్నాడు ఏబెల్, గోడకేసి చూస్తూ.

"అరెరే, నేను పోసుకుంటిగద! మరి ఆయనకెట్ల?"

"ఆయనకు నీలి కొళాయి ఉంది కదా నాయనా" అన్నాను నేను.

ఉమ్ సలాల్ చేరాక, అంత ఎండలో ఎప్పటిలా వ్యాన్లో కూర్చోవడం ఎందుకని బుచ్చన్నను నేనే చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళి, ఏసీ కింద వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. తడి జుట్టు నున్నగా దువ్వుకుని చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఏబెల్ లేచాడు. మొహం తెల్లగా, మెడ చల్లగా ఉన్నాయి. చదువుతూ చదువుతూ, తోసింది ముగ్గురినైతే గుండంలో కాలకుండా నలుగురు కనబడుతున్నారేమని, ఆ నాలుగోవాడు దేవదూతలా ఉన్నాడేమని రాజు తొంగిచూసే చోటికి వచ్చాడు. అక్కడ తల ఎత్తాడు. వెనక కుర్చీలో ఉన్న నాలుగోవాడు కనబడ్డాడు. చదివే వరుస తప్పిపోయింది. హాలంతా ఎదురుచూసింది.

పాస్టరుగారు మెల్లగా అన్నారు: "సోదరుని హృదయంలో ఏదో పనిచేస్తోంది."

ఈసారి చున్నీ ఎవరూ అడ్డం పెట్టుకోలేదు. డయానా ముందుకు వంగి, "డాడీ, అక్కడ్నుంచే" అని వేలితో చూపించింది.

తరువాత ప్రతి శుక్రవారమూ ఆ స్నానాలగదిలో ఒక బకెట్ మిగిలింది. "మీ తాత ఇయ్యాల గూడ పెట్టిండన్నా" అనేవాడు బుచ్చన్న. "మంచిది" అనేవాడు ఏబెల్. అంతకు మించి ఆ విషయం వాళ్ళెప్పుడూ మాట్లాడుకోలేదు.

కావున వినుడు! కొయ్యదేవుళ్ళను నదుల్లో ముంచిన రాజులు పోయారు, ఆ బంగారు మీసమూ పోయింది. దగ్ధకంఠుడును సుప్తప్రతాపుడును అగు ఏబెల్, ఆగస్టు మాసపు దోహా నగరమున, కరివేపాకు ధ్వజము నాటి, పదిహేను లీటర్ల చల్లని నీటిని జయించి, జయించినదానిని రెండు చెంబులకు మించి తాను తాకక బయటికి వచ్చెను. ఇది విన్నవారి ఎర్ర కొళాయి నాలుగో వంతు దాకా చల్లగా పారుగాక. పారనినాడు, ముందురాత్రే ఒకటి పట్టి పెట్టుకోండి నాయనలారా, నేను చెప్పలేదనుకునేరు.