నందిగామ బస్సులో కర్చీఫు సంస్కరణ

"నెలాఖరులోగా ఊరికో సంస్కరణ జరిగి తీరాలి. జరగని ఊరిని నేను ఊరుగానే గుర్తించను!" అని సంస్కరణల శాఖ మంత్రి పుల్లయ్యగారు నందిగామ సభలో ప్రకటించగానే, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు సతీష్‌బాబు. సంస్కరణ అంటే ఏమిటో అతనికి అప్పటికింకా తెలియదు. మంత్రిగారికీ తెలియకపోవచ్చు గానీ, పెద్దవాళ్లను అలా అనుమానించడం మర్యాద కాదు.

సతీష్‌బాబు ఏళ్ల తరబడి పార్టీకి ఫ్లెక్సీలు కట్టిన మనిషి. ఏ ఫ్లెక్సీలోనూ అతని మొహం తపాలా బిళ్లను మించలేదు. ఇప్పుడు జగ్గయ్యపేటలో సంస్కరణల మండలి పెడుతున్నారనీ, బాగా సంస్కరించినవాడికే దాని చైర్మన్ పదవనీ మంత్రిగారు చెవిలో ఊదారు. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుని, భార్య నీరజకు ఫొటో పంపితే చాలు, జన్మ ధన్యమనుకున్నాడు పాపం.

కానీ సంస్కరించడానికి ఏం మిగిలిందని? జగ్గయ్యపేట కార్యకర్తలు పార్కు గేటుకు రంగు మార్చి, అదే సంస్కరణన్నారు. కంచికచర్ల వాళ్లు తమ సంఘానికి పేరు మార్చుకున్నారు. కీసర వాళ్లయితే హైవేకి ఇవతలున్న పార్టీ బోర్డును పీకి అవతల పాతి, పేపర్లో ఫొటో కూడా వేయించుకున్నారు.

ఆ దిగులుతోనే ఒకరోజు జగ్గయ్యపేట బస్సెక్కి, ఖాళీ సీట్లో కూలబడ్డాడు. వెనకాలే ప్రేమకుమారి టీచరు వచ్చింది.

"లేవండి. మీ కింద నా కర్చీఫుంది. కిటికీలోంచి ముందే వేశా."

లేచాడు. లేస్తూ లేస్తూ, "దొరికింది!" అని కేకేశాడు.

"సీటా అండీ?" అంది టీచరు జాలిగా.

"సంస్కరణండీ!"

మంత్రిగారు ఫోన్లోనే ఆమోదించారు. మర్నాటి నుంచి కర్చీఫులు చెల్లవు. సీట్లో గుడ్డ కనిపిస్తే ఎవరైనా తీసి బయట పారేయవచ్చు. మన జనం చట్టాన్ని గౌరవించేవాళ్లు కాబట్టి, కర్చీఫులు మానేసి చెప్పులు వేశారు. చెప్పులూ వేయకూడదంటే టిఫిన్ బాక్సులు వేశారు. సతీష్‌బాబు పట్టు విడవకుండా, ప్రాణమున్నవాళ్లే సీటు పట్టుకోవాలని తేల్చేశాడు. ఆ మధ్యాహ్నమే ఆరోగ్యమ్మ అనే పెద్దావిడ కిటికీలోంచి కోడిపెట్టను లోపలికి వదిలింది.

"ఇదేందమ్మా?"

"ప్రాణమున్నదేగా అయ్యా! కావాలంటే పట్టి చూడు."

పట్టి చూశాడు. ఉంది. కోడి కిటికీ పక్కన దర్జాగా కూర్చుని జగ్గయ్యపేట దాకా వెళ్లింది.

ఇక సంస్కరణకు ప్రారంభోత్సవం. మంత్రిగారు స్వయంగా ఆ బస్సులో ప్రయాణం చేస్తానన్నారు. ఇక్కడే సతీష్‌బాబుకు చెమటలు పట్టాయి. మంత్రిగారికి సీటు ఉంచాలి. ఉంచడానికి ఏమీ వేయకూడదు. కోడిని వేస్తే బాగుండదు. చివరికి తనే పెందలాడే వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. కాఫీ తాగడానికి కూడా దిగలేదు.

మంత్రిగారు దండతో సహా ఎక్కారు. నాయకుడి ముందు కూర్చునే అలవాటు సతీష్‌బాబు వంశంలోనే లేదు. చటుక్కున లేచి నమస్కారం పెట్టాడు. చేతులు దించేసరికి సీట్లో ప్రేమకుమారి టీచరుంది.

"టీచర్‌గారూ, అది మంత్రిగారి సీటండీ!"

"గుర్తుగా ఏమన్నా వేశారా అండీ?"

"వేయకూడదు కదండీ!"

"మరి?" అని ఆవిడ పరీక్ష పేపర్లు తీసి దిద్దుకోసాగింది.

మంత్రిగారు రాడ్డు పట్టుకుని దారి పొడవునా వేలాడారు. బ్రేకు పడినప్పుడల్లా, ఆ రోజు కూడా సీటు పట్టుకుని కూర్చున్న ఆరోగ్యమ్మ కోడి మీద పడబోయి, అది అరిస్తే సర్దుకుని నవ్వారు. అవతల సతీష్‌బాబు ప్రాణం గిలగిల్లాడింది. తన కుర్చీ గంగలో కలిసిందనే అనుకున్నాడు.

పుల్లయ్యగారు సామాన్యులా? బస్సు దిగుతూనే మైకందుకున్నారు. "సామాన్యుడు నిలబడే చోట మంత్రి నిలబడ్డాడు! సంస్కరణంటే ఇదీ!" చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే సతీష్‌బాబు భుజం తట్టి, "చైర్మన్‌వి నువ్వేనయ్యా! పో, పోయి కూర్చో" అన్నారు.

సతీష్‌బాబు కళ్లు చెమర్చాయి. మండలి ఆఫీసుకు పరుగెత్తాడు. అటెండరు ఇశ్రాయేలు తలుపు తీశాడు. గదంతా నిండిపోయే కుర్చీ. దాని మీద పరిచిన తెల్లటి టర్కీ తువ్వాలు.

"బాగుందయ్యా! నాకోసమే వేశారా?"

"కాదండి. మంత్రిగారి బావమరిది అనిల్‌కుమార్‌గారు వేసుకెళ్లారండి."

"ఎప్పుడు?"

"నందిగామ సభకి ముందేనండి. మీరు ఆ బల్ల మీద కూర్చుని ఫొటో దిగండి సార్, వెలుతురు బానే పడుద్ది."

సతీష్‌బాబు చెయ్యి తువ్వాలు దాకా వెళ్లింది. ఒక అంచు కిందికి జారి ఉంటే సరిచేసి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.