ఈగలకు పెట్టిన ఊట

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు సగం గడిచిన ఒక సోమవారం పొద్దున ఆశీర్వాదం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పి, ద్రాక్షరసం ఒకసారి కలియబెట్టి, మళ్లీ గుడ్డ కట్టి, చద్దన్నం తిని మిషను బడికి పోవడం. జగ్గయ్యపేట సంఘంలో ఈస్టరు సంస్కారానికి, అంటే ఆరాధనలో అందరూ గుక్కెడు పుచ్చుకోవడానికి, రసం పెట్టే పని ఆయనది. బడిలో ఆయన్ని లెక్కచేసే నాథుడు లేడు, బజారులో అంతకంటే లేడు. ఆయనకున్న కాస్త మర్యాదా ఆ జాడీలోనే ఉంది.

పోయినేడు ఆ మర్యాద కూడా పులిసింది. నాలుగు సన్న ఈగలు జాడీలో పడి రసం కాస్తా పులుసైంది. బిషప్పుగారు గిన్నె ఎత్తి ఒక గుక్క మింగి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జనం అది భక్తి అనుకున్నారు, తమ వంతు వచ్చేదాకా. "ఈసారీ పులిస్తే ఈ పని కొండలరావుకి అప్పజెప్తా మాస్టారూ" అని పాస్టరు ప్రేమానందం అయ్యగారు ముందే చెప్పేశారు. కొండలరావు సంఘానికి కార్యదర్శి. ఆ జాడీ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

తీరా ఆ సోమవారం చూస్తే గుడ్డ కనబడలేదు. దాని నిండా ఈగలే.

"ఏవండీ, పాత చీర రెండు మడతలేసి కడదామా?" అంది భార్య కృపావతి.

"మడతల్లోంచి కూడా దూరతాయే! వాటికి కావాల్సింది పులుపు వాసన. అదేదో దొడ్లో పెడితే జాడీ జోలికి రావు" అన్నారు మాస్టారు. పిల్లలకి ప్రకృతిపాఠం చెప్పే మనిషి మరి!

ముంతలో బెల్లం నీళ్లు పోసి, మగ్గిన అరటిపండు పిసికి దొడ్లో పెట్టారు. సాయంత్రానికి ఈగలు కొన్ని అటు మళ్లాయి. మాస్టారి ఆనందం పట్టలేం. ముంత పోయి కుండ వచ్చింది. తుమ్మచెక్క వేస్తే త్వరగా పులుస్తుందని కొండలరావు చెబితే అదీ వేశారు. ఆ సంగతి కొండలరావుకి ఎలా తెలుసో అడగాలని ఈ అమాయకుడికి తోచలేదు.

నాలుగు రోజులకి కుండ బుసబుస పొంగింది. గోడ అవతల దుర్గాంబగారి గొడ్లసావిడి. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తొంగిచూసింది.

"ఏం మాస్టారూ, ఏంటా కంపు?"

"ఈగల కోసమండి."

"ఈగల కోసం బెల్లం ఊటా! నా చెవిలో పువ్వులేమన్నా కనబడుతున్నాయా?" అని గిరుక్కున తిరిగింది.

సరిహద్దు దాటి కోదాడ వైపు పోతే ఎంత తాగినా అడిగేవాడు లేడు. ఇవతల మాత్రం ప్రొహిబిషను. దుర్గాంబగారి మాట చెవిన పడగానే పోలీసు హెడ్డు సాంబయ్య దిగాడు. మాస్టారు ఎదురెళ్లి ధీమాగా జాడీ చూపించారు.

"ఇది గుడి రసమండి. సర్కారు అనుమతి ఉంది."

"దాని జోలికి నేను రానయ్యా. ఆ కుండేంటి?"

"ఈగలకండి."

"బెల్లం, అరటిపండు, తుమ్మచెక్క. సారా కాసేవాడికి ఇంకేం కావాలి?"

"అయ్యో, ఇది తాగేది కాదండీ! కావాలంటే చూడండి" అని మాస్టారు దోసిట ముంచుకుని గటగటా తాగేశారు.

సాంబయ్య ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టాడు. "ఇందాకటి దాకా కాసిన కేసే. ఇప్పుడు తాగిన కేసు కూడా."

ఎవరి ఊట వాళ్లే మోసుకురావాలి, అది స్టేషను ఆనవాయితీ. మాస్టారు కుండ నెత్తిన పెట్టుకుని నడిబజారులో నడిచారు. తను పాఠం చెప్పిన పిల్లలు బడి కిటికీల్లోంచి చూస్తుంటే తల దించుకుందామన్నా నెత్తిన కుండాయె. ఈగలన్నీ ఆయన వెంట స్టేషను దాకా వెళ్లాయి. ఆ పూట జాడీ మీద ఒక్కటంటే ఒక్కటి లేదు.

అయ్యగారు వెళ్లి బతిమాలితే కేసు లేకుండా వదిలారు. సంఘం వదల్లేదు.

"పోలీసులు వదిలారు సరేనండి, దేవుడి ముందు మనం వదలగలమా?" అని కొండలరావు లేచాడు. సారా కాచిన చేతులతో సంస్కారం పుచ్చుకోరాదని మాస్టారిని ఆ వరుసలోంచి తప్పించారు. ఆయన జాడీని మాత్రం తప్పించలేదు. కాచలేదు మొర్రో అన్నా వినేవాడేడీ?

ఈస్టరు వచ్చింది. బిషప్పుగారు భయపడుతూ గిన్నె ఎత్తారు. ఒక గుక్క మింగి, ఆగి, ఇంకో గుక్క మింగారు. ఆరాధన అయ్యాక అయ్యగారిని పక్కకి పిలిచారు.

"ఇంత మంచి రసం ఏ సంఘంలోనూ పుచ్చుకోలేదు. ఎవరు పెట్టారండీ?"

"మా సంఘమేనండి" అన్నారు అయ్యగారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మాస్టారు ఆ మాట విన్నారు. రసం బాగుందన్నందుకు పొంగిపోయారు. పొంగిపోయినందుకు తనమీద తనకే రోత పుట్టింది. "ఆయనకి లేంది నాకెందుకు?" అని సంస్కారం పుచ్చుకోకుండానే వరుసలోంచి వచ్చేసిన కృపావతి ఆయన పక్కన నిలబడి, ఎవరు చూస్తే ఏమని, వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం సంఘం కూడి, వచ్చే ఏడు కూడా రసం ఆశీర్వాదం మాస్టారే పెట్టాలనీ, ఆయనకి మాత్రం సంస్కారం ఇవ్వరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించింది.